స్క్రీన్‌ప్లే, డాక్యుమెంటరీ క్లాసులు, విశాఖపట్నం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో వారాంతాల్లో మేం నడిపే క్లాసుల గురించి ఫోన్లో అడిగేవీ, క్లాసయ్యాక టీకొట్టు దగ్గర నిలబెట్టి అడిగేవీ ఇక్కడ రాశాం. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటికి అవ్వదు.

నాకు సినిమా కథలు రాయాలని ఉంది. డాక్యుమెంటరీ మీద ఆసక్తి లేదు. రెండూ కలిపి ఎందుకు నేర్పుతున్నారు?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కొత్తగా రాసేవాళ్ల మొదటి డ్రాఫ్టు తీసి చూడండి. గాజువాక ఆటో డ్రైవరు, పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ, ఏయూలో పీజీ చదివే కుర్రాడు ముగ్గురూ ఒకేలా మాట్లాడతారు. ముగ్గురూ పంచ్ డైలాగులే వేస్తారు. ఎందుకంటే అవి మనుషుల దగ్గర విన్న మాటలు కావు, సినిమాల్లో విన్న మాటలు. డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్ల ఇబ్బంది దీనికి తలకిందులుగా ఉంటుంది. బోలెడు ఫుటేజీ తెస్తారు, మంచి మనుషుల్ని పట్టుకొస్తారు, కానీ ఏది ముందు పెట్టాలో, ఏది దాచాలో తెలీదు. మొదటివాళ్లకు చెవి కావాలి, రెండోవాళ్లకు కథ నడక తెలియాలి. అందుకే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడుతున్నాం.

మొదటి వారాంతం అందరికీ ఒకే పని. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. ఫోన్ జేబులోనే ఉండాలి. చేతిలో నోటు పుస్తకం, పెన్ను, అంతే. బోట్లు జెట్టీకి చేరాక చేపల్ని రకాలవారీగా కుప్పలు పోస్తారు, వేలం పాట మొదలవుతుంది. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయాలి. 'బాధగా', 'ఆనందంగా', 'దీనంగా' లాంటి మాటలు రాయకూడదు. ఓ అమ్మాయి తెచ్చిన పేజీలో ఇలా ఉంది: పాట పాడేవాడి ముఖం వైపు ఒక్కసారి కూడా చూడకుండా, ఐసు డబ్బా మూత మీదే కళ్లు పెట్టి, ఒకావిడ ధర పెంచుతూ పోయింది. కుప్ప తనదయ్యాక మొదటిసారి తలెత్తింది. ఆ రెండు వాక్యాల్లో ఒక పాత్ర ఉంది. ఇంట్లో కూర్చుని ఊహిస్తే ఆ ఐసు డబ్బా మూత దొరకదు.

సీన్ రాయడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చూపిస్తారా?

క్లాసులో చేయించే అభ్యాసం ఒకటి చెప్తాం. మొదట ఇలా ఉంటుంది: "అప్పలరాజు దగ్గర డబ్బుల్లేవు. అప్పులవాళ్లు ఫోన్ చేస్తున్నారు. చాలా టెన్షన్‌లో ఉన్నాడు. భార్య ధైర్యం చెబుతుంది." ఇది సమాచారం, సీన్ కాదు. టెన్షన్‌ని కెమెరా ఎలా తీస్తుంది? కొంచెం కూర్చుని రాస్తే ఇలా వస్తుంది:

ఇంటి అరుగు, పగలు.
అప్పలరాజు చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఫోన్ మోగింది. పేరు చూసి బోర్లా పెట్టాడు. మళ్లీ మోగింది. నూకాలమ్మ లోపల్నుంచి వచ్చి ఫోన్ ఎత్తింది.
నూకాలమ్మ: ఇంట్లో లేరండి. ఏటకెల్లారు. రేపొస్తారు.
ఫోన్ పెట్టేసింది.
అప్పలరాజు: మే నెల్లో ఏటకెవుడెల్తాడే?
నూకాలమ్మ: ఆ ఫైనాన్సోడిది హైదరాబాదు. ఆడికేటి తెల్సు?

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ సంగతి తెలిసినవాళ్లే ఈ సీన్ రాయగలరు. డబ్బుల్లేవని ఎవరూ అనలేదు, ధైర్యం ఎవరూ చెప్పలేదు. మొగుడూపెళ్లాల మధ్య సఖ్యత ఎలాంటిదో తెలిసిపోయింది, పైగా కాస్త నవ్వొస్తుంది కూడా.

సర్టిఫికెట్ ఇస్తారా? అవకాశాలు ఇప్పిస్తారా?

సర్టిఫికెట్ ఇస్తాం. ఇండస్ట్రీలో దాన్ని ఎవరూ అడగరు. అవకాశాలు ఇప్పించం.

మరి డబ్బు కట్టి రావడం దేనికి?

గడువు కోసం, చదివేవాళ్ల కోసం. ఒంటరిగా రాస్తే మొదటి పది పేజీలు పదిసార్లు తిరగరాస్తూ ఉండిపోతారు. ఇక్కడ ఫలానా శనివారానికి ఇన్ని సీన్లు తేవాలి, తెచ్చినవి నలుగురి ముందు చదవాలి. అలా చదువుతున్నప్పుడు ఎవరు ఫోన్ తీశారో చూస్తే ఏ పేజీ చచ్చిపోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

మా దగ్గరే కాదు, ఎక్కడ చేరాలనుకున్నా డబ్బు కట్టేముందు రెండు సంగతులు అడగండి. నా డ్రాఫ్టు ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు చదువుతారు? బ్యాచ్‌లో ఎంతమంది? హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి ఒక సెలబ్రిటీ చేత తన అనుభవాలు చెప్పిస్తే అది సభ, వర్క్‌షాప్ కాదు. సభలు బాగానే ఉంటాయి, సెల్ఫీలు కూడా దొరుకుతాయి. కానీ మీ మూడో సీన్ ఎందుకు కదలడం లేదో అక్కడ ఎవరూ చెప్పరు. "కోర్సు పూర్తయితే సినిమాలో ఛాన్స్ గ్యారంటీ" అని బోర్డు కనిపిస్తే మాత్రం ఆగకుండా నడిచి వెళ్లిపోండి.

ఇంగ్లీష్ రాదు. డిగ్రీ కూడా పూర్తి కాలేదు. చేరొచ్చా?

చేరొచ్చు. క్లాసు తెలుగులోనే జరుగుతుంది. వయసు పద్దెనిమిది దాటితే చాలు. రిటైరైన మాస్టార్లూ వస్తారు, వాళ్ల దగ్గర కథలకు కొదవుండదు. వాటిని ఆపడమే కొంచెం కష్టం.

స్క్రిప్ట్ ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయాలి? తెలుగులో ఫార్మాట్ ఎలా?

ఫైనల్ డ్రాఫ్ట్ అనే స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్ కొనలేదని ఎవరూ ఆగిపోవద్దు. మామూలు వర్డ్ ఫైలు, గూగుల్ డాక్స్ చాలు. యూనికోడ్‌లోనే టైప్ చేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన స్క్రిప్ట్ మెయిల్లో పంపితే అవతలివాళ్ల కంప్యూటర్లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

"ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం" అన్న లెక్క ఇంగ్లీషులో పన్నెండు పాయింట్ల కొరియర్ అక్షరాలకు పుట్టింది. తెలుగు లిపికి అది సరిపోదు. సీన్‌ని పైకి చదివి, స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోవడమే నమ్మకమైన పద్ధతి. సీన్ నంబరు, లోపలా బయటా, చోటు, పగలా రాత్రా, ఈ నాలుగూ ప్రతి సీన్ పైన ఉండాలి. ఎందుకంటే అసిస్టెంట్ డైరెక్టర్ షెడ్యూల్ వేసేది వాటిని చూసే.

ఇంకొక మాట. తెలుగు పరిశ్రమలో చాలాచోట్ల స్క్రిప్ట్ చదవరు, వింటారు. నెరేషన్ ఇవ్వడం, అంటే కథను నోటితో చెప్పి వినిపించడం, వేరే విద్య, దానికో పూట కేటాయించాం. కానీ బౌండ్ స్క్రిప్ట్ (పూర్తిగా రాసి కుట్టించిన స్క్రిప్ట్) చేతిలో లేకుండా నెరేషన్ ఒక్కటే బట్టీ పట్టి హైదరాబాద్ బస్సెక్కేవాళ్లంటే మాకు భయం. రెండో సిట్టింగ్‌లో "సీన్ ఆర్డర్ ఉందా" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

మన యాసలో రాస్తే కామెడీ అనుకుంటున్నారు. ఏం చేయాలి?

యాసను నవ్వించడానికి మాత్రమే వాడితే అలాగే అనుకుంటారు. ఉత్తరాంధ్ర మాటను పనిమనిషికి, విలన్ పక్కన ఉండే అనుచరుడికి మాత్రమే పంచిపెట్టడం మానేసి, మీ కథలో డాక్టరు చేత కూడా ఆ మాట మాట్లాడించండి. అయితే ప్రతి క్రియకూ తోక తగిలిస్తే అది యాస అవ్వదు, వెక్కిరింత అవుతుంది. భీమిలి మాట, అనకాపల్లి మాట, శ్రీకాకుళం మాట ఒకటి కావు. డాక్యుమెంటరీ బ్యాచ్ రికార్డు చేసిన ఇంటర్వ్యూలను మాట పొల్లుపోకుండా రాతలో పెట్టే పని స్క్రీన్‌ప్లే వాళ్లకే ఇస్తాం. అందరూ విసుక్కుంటారు. కానీ మనిషి వాక్యాన్ని ఎక్కడ మధ్యలో వదిలేస్తాడో, ఏ మాట రెండుసార్లు అంటాడో అప్పుడే తెలుస్తుంది.

నా కథ ఎవరైనా కొట్టేస్తే? క్లాసులో చెప్పడానికి భయంగా ఉంది.

భయం సహజమే. ముందు చట్టం సంగతి తెలుసుకోండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అది ఐడియాను కాపాడదు, ఆ ఐడియాను మీరు రాసిన తీరును కాపాడుతుంది. ఈ సూత్రాన్ని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఓ కుర్రాడు, ఓ సబ్‌మెరైన్" అన్న ఒక్క లైను మీ సొంతం కాదు. అరవై సీన్ల స్క్రిప్ట్ మీదే. రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి చేయించుకోవడం మంచిది. కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం ముప్పై రోజులు ఆగుతారు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే అక్కడా స్క్రిప్ట్ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఎవరికి, ఏ తేదీన, ఏ డ్రాఫ్టు పంపారో తెలిసేలా మెయిల్లోనే పంపండి.

ఇక మా అభిప్రాయం చెప్పాలంటే, ఎవరికీ చూపించకుండా బీరువాలో మగ్గిపోయిన స్క్రిప్టులతో పోలిస్తే దొంగతనానికి గురైనవి చాలా తక్కువ.

పాత తెలుగు కథ ఒకటి నచ్చింది. షార్ట్ ఫిల్మ్ తీసుకోవచ్చా?

రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవే. యూట్యూబ్‌లో ఉచితంగా పెడుతున్నాం అన్నా అనుమతి కావాల్సిందే. ఫోన్ చేసి మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కాగితం మీద రాయించుకోండి. ఎలాంటి కథ ఎంచుకోవాలో తోచకపోతే ఓ రోజు శ్రీకాకుళం వెళ్లి కథానిలయంలో కూర్చోండి. తెలుగు కథల కోసమే 1997లో మొదలైన గ్రంథాలయం అది. మనకు ఇంత దగ్గరలో ఉన్నా మన కుర్రాళ్లు చాలామంది దాని గడప తొక్కలేదు.

డాక్యుమెంటరీకి టాపిక్ దొరకడం లేదు. విశాఖలో ఏముంది, బీచ్ తప్ప?

ఈ మాట విన్నప్పుడల్లా కాస్త ఒళ్లు మండుతుంది. 1966లో ఉక్కు ఉద్యమం జరిగింది, ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ వచ్చింది. దానికోసం భూములిచ్చిన ఊళ్లవాళ్ల దగ్గర ఇప్పటికీ ఆర్ కార్డులు (నిర్వాసితులకిచ్చిన కార్డులు) ఉన్నాయి. ఆ కార్డు చూపించి ఉద్యోగం వచ్చినవాడి ఇల్లు, రానివాడి ఇల్లు, ఆ రెండిళ్ల మధ్య ఒక సినిమా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రోజు గురించి ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది, చెట్ల గురించి అడిగితే ఇంకా చెప్తారు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్లు తీరం వెంట తిరిగి ఆ గుడ్లను హేచరీకి చేర్చే మనుషులున్నారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగు ఎక్కించే కుటుంబాలున్నాయి. ఆ బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. వచ్చాక వాళ్ల రోజు కూలి మారిందా? ఆ ప్రశ్నతో వెళ్తే డాక్యుమెంటరీ అవుతుంది. "ప్రాచీన కళ అంతరించిపోతోంది" అని విషాద సంగీతం పెడితే ప్రభుత్వ ప్రకటన అవుతుంది.

టాపిక్ కాదు, మనిషిని వెతకండి. "విశాఖ మత్స్యకారుల సమస్యలు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. "నిషేధ కాలంలో బోటు నడిపే సరంగు ఒకడు ఏం చేస్తాడు" అంటే రేపు పొద్దున్నే షూటింగ్‌కి వెళ్లొచ్చు.

డాక్యుమెంటరీకి స్క్రిప్ట్ ఎందుకు? ఉన్నది ఉన్నట్టు తీస్తాం కదా.

డైలాగులు రాయరు, నిజమే. కానీ ఈ సరంగు దగ్గరికి ఎందుకు వెళ్తున్నాం, ఏం జరగొచ్చు, జరగకపోతే ఏం తీస్తాం, ఇవి రెండు మూడు పేజీల్లో రాసుకోవాలి. దాన్నే ట్రీట్‌మెంట్ అంటారు. నిధులు అడిగినా, పిచింగ్‌కి (నిధులిచ్చేవాళ్ల ముందు సినిమా ఆలోచన వివరించడానికి) వెళ్లినా ముందు అడిగేది అదే. అసలు స్క్రిప్ట్ ఎడిటింగ్ టేబుల్ మీద తయారవుతుంది. ఇంటర్వ్యూలన్నీ కాగితం మీద పెట్టి, కత్తిరించి, నేలమీద పరిచి అటూ ఇటూ జరుపుతారు. ఇదంతా ల్యాప్‌టాప్‌లో చేసేయొచ్చు గానీ, నేలమీద చేయిస్తేనే బుర్రకెక్కుతోంది.

ఫోన్‌తో తీయొచ్చా? కెమెరా కొనాలా?

ఫోన్ చాలు. కెమెరా కొనే డబ్బులో కొంచెం తీసి ముందు మైకు కొనండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. బీచ్ రోడ్డు గాలికి మామూలు కాలర్ మైకు బుసలు కొడుతుంది. దానిమీద బొచ్చు తొడుగు తప్పదు. ఇంటర్వ్యూ అయ్యాక అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే దిక్కు. ఫ్యాన్ ఆపమని అడగడానికి మొహమాటపడకండి. ఫ్రిజ్ కూడా ఆపించి, మళ్లీ వేయడం గుర్తుపెట్టుకోండి. లేకపోతే ఆ ఇంటికి రెండోసారి రానివ్వరు.

ఇంట్లో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే తెరమీద గీతలు, మినుకులు వస్తున్నాయని చాలామంది అడుగుతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు పోతుంది. మామూలు కెమెరా యాప్‌లో కుదరకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, అది నడిచే ఫోన్లలో పెట్టుకోవచ్చు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, కాకపోతే ల్యాప్‌టాప్ కాస్త గట్టిది కావాలి.

షూటింగ్‌కి పర్మిషన్లు ఎక్కడ తీసుకోవాలి? డ్రోన్ ఎగరేయొచ్చా?

డ్రోన్ సంగతి ముందు చెప్తాం. విశాఖలో డ్రోన్ గురించి ఆలోచించకపోవడమే మేలు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది, ఐఎన్ఎస్ డేగా వైమానిక స్థావరం ఊళ్లోనే ఉంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్ అయితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 డ్రోన్ నిబంధనలు చెప్తాయి గానీ, రెడ్ జోన్ (అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని ప్రాంతం) నిషేధం దానికీ వర్తిస్తుంది. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా పెట్టె తెరవకండి. డ్రోనే కాదు, నేవీ గోడల వైపు, డాక్‌యార్డ్ వైపు మామూలు కెమెరా తిప్పినా తలనొప్పే. నిషిద్ధ ప్రాంతాల ఫొటోలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. "స్టూడెంట్‌నండీ" అంటే వినరు.

మిగతావాటికి ఎవరి స్థలమైతే వాళ్లనడగాలి. స్టేషన్లో తీయాలంటే రైల్వేని, హార్బర్‌లో బోటెక్కాలంటే బోటు ఓనర్ని, గుడి అయితే దేవస్థానం ఈవోని. రోడ్డు మీద ట్రైపాడ్ పెట్టి జనాన్ని ఆపాలంటే పోలీసులకు ముందే అర్జీ ఇవ్వండి. చేత్తో ఫోన్ పట్టుకుని ఒకరిద్దరు తీసుకుంటే మామూలుగా ఎవరూ ఆపరు.

మనుషుల్ని తీసేటప్పుడు సంతకం తీసుకోవాలా?

తీసుకోవాలి, తెలుగులో రాసిన కాగితం మీద. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనన్న మాటను వీడియోలో రికార్డు చేయండి. అరకు వైపు వెళ్తే తెలుగు కూడా సరిపోకపోవచ్చు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లున్నాయి, ఆ ఊరి మనిషే మీకు దుబాసీగా ఉండాలి. లైంగిక నేరాల బాధితుల పేరు, ముఖం, గుర్తుపట్టే ఏ ఆనవాలూ బయటపెట్టకూడదు. పిల్లల విషయంలో పోక్సో చట్టం, పెద్దల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ దాన్ని నేరంగా చూస్తాయి.

డబ్బు ఇవ్వాలా అని అడుగుతారు. ఇంటర్వ్యూకి రేటు కడితే మీకు కావాల్సిందే చెప్తారు. కానీ కూలి మనిషిని పూటంతా కూర్చోబెట్టి, పోయిన కూలి గురించి నోరెత్తకుండా రావడం కూడా న్యాయం కాదు. దీనిమీద మా టీచర్ల మధ్యే గొడవ ఉంది. ఫైనల్ కట్ ముందుగా వాళ్ల ఇంటికెళ్లి చూపించాలన్న మాట మీద మాత్రం గొడవ లేదు.

తీశాక ఎక్కడ చూపించాలి? సెన్సార్ కావాలా?

యూట్యూబ్‌కి అక్కర్లేదు. హాల్లో ప్రజలకు ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కావాలి. తెలుగువాళ్లకు దగ్గరి ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం 1990 నుంచి డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములు, యానిమేషన్ కోసమే రెండేళ్లకోసారి జరుగుతోంది. తిరువనంతపురంలో డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్ములకు విడిగా చిత్రోత్సవం ఉంది. కోల్‌కతా మనకు ఒక్క రాత్రి రైలు, అక్కడి డాక్‌ఎడ్జ్ పిచింగ్ వేదికకు ఆలోచన దశలో ఉన్న డాక్యుమెంటరీలతో కూడా వెళ్లొచ్చు. ఒక్క జాగ్రత్త: చాలా ఫెస్టివల్స్ ఇంతకుముందు ఆన్‌లైన్‌లో పెట్టినవాటిని తీసుకోవు. ముందు ఫెస్టివల్స్, తర్వాతే యూట్యూబ్.

ఉద్యోగం మానేసి పూర్తిగా దీంట్లోకి దిగాలా? లేక పుణె ఇన్‌స్టిట్యూట్‌కి ట్రై చేయాలా?

ఉద్యోగం మానకండి. రోజుకో గంట రాయలేనివాళ్లు, ఎనిమిది గంటలు ఖాళీ దొరికినా రాయరు. పుణెలోని ఎఫ్‌టీఐఐ 1960 నుంచి, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ 1995 నుంచి ఉన్నాయి. వయసు, ఇంటి పరిస్థితి కలిసొస్తే తప్పకుండా ప్రయత్నించండి, వాటికి మేం పోటీ కాదు. నటనవైపు, నాటకంవైపు మొగ్గు ఉంటే మన ఆంధ్రా యూనివర్సిటీలోనే థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఇంట్లో ఒప్పుకోవడం లేదని చెప్పేవాళ్లకు మా సలహా ఒక్కటే. ముందు పది నిమిషాల సినిమా ఒకటి పూర్తిచేసి ఇంట్లోనే వేసి చూపించండి. మేం ఫోన్ చేసి మీ నాన్నగారితో మాట్లాడటం కుదరదు. ఇప్పటికే చాలామంది అడిగారు.

మొదటి రోజు ఏం తీసుకురావాలి?

నోటు పుస్తకం, రెండు పెన్నులు, ఛార్జింగ్ ఉన్న ఫోన్, ఇయర్‌ఫోన్లు, మంచినీళ్ల సీసా. రాసినదేదైనా ఉంటే ఒక్క సీన్ ప్రింట్ తీసి తెండి, కథంతా వద్దు. హార్బర్‌కి వెళ్లే పొద్దున పాత చెప్పులు వేసుకోండి, జెట్టీ అంతా నీళ్లూ పొలుసులూ. తెల్లారకముందు సిటీ బస్సులు సరిగా దొరకవు కాబట్టి గాజువాక, పెందుర్తి వైపు నుంచి వచ్చేవాళ్లు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకోండి. గ్రూపులో ముందురోజు సాయంత్రమే ఎవరు ఎక్కడ ఎక్కుతారో పెట్టేస్తాం.